పరుగాపని గుండె వెంట

కదిలే గుండెను కదలని బొమ్మగా చూడాలన్న కోరిక తీరడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. దడదడలాడే గుండెలు, లయ తప్పిన గుండెలు మాత్రం ఆ తర్వాత కూడా గడప బయటే నిలబడ్డాయి. వాటిని లోపలికి పిలవడానికి ఇంజినీర్లు, డాక్టర్లు పడ్డ పాట్ల యథార్థ గాథ ఇది.

1971 అక్టోబరు 1. లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆస్పత్రి. నలభై దాటిన ఓ మహిళ బల్లమీద వెల్లకిలా పడుకుని ఉంది. మెదడు ముందు భాగంలో కణితి ఉండొచ్చని డాక్టర్ల అనుమానం. పుర్రె తెరవకుండా మెదడును మెదడుగా చూపించే సాధనం అప్పటికి ఏ ఆస్పత్రిలోనూ లేదు. ఆమె తలను రబ్బరు తొడుగులో అమర్చారు. తొడుగు చుట్టూ నీళ్ల పెట్టె. పక్కన నిలబడి చూస్తున్నది రేడియాలజిస్ట్ జేమ్స్ ఆంబ్రోస్. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఈఎంఐ కంపెనీ ఇంజినీర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. రైతు కుటుంబంలో పుట్టి, యుద్ధకాలంలో వైమానిక దళంలో రాడార్ పని నేర్చుకున్న మనిషి.

ఎక్స్‌రే ట్యూబు తలకు ఒక పక్కన, డిటెక్టరు రెండో పక్కన. రెండూ కలిసి ఒక గీతలో జరుగుతూ 160 కొలతలు తీసుకున్నాయి. తర్వాత ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి మళ్లీ 160. అలా 180 సార్లు. మొత్తం 28,800 కొలతలు. ఒక్క పొరకు ఐదు నిమిషాల దాకా పట్టింది. కొలతలున్న టేపును ఊరికి అటువైపున్న ఈఎంఐ కంప్యూటర్ దగ్గరికి పంపారు. తిరిగొచ్చిన బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 చుక్కలు. ఇవాళ్టి లెక్కలో మొరటు బొమ్మే. అయినా కణితి ఉన్నచోట గుండ్రటి నల్లమచ్చ స్పష్టంగా ఉంది. సర్జన్ పుర్రె తెరిచి చూస్తే అది సరిగ్గా అక్కడే దొరికింది.

సీటీ స్కాన్ పుట్టింది ఆ రోజే. మెదడు ఎముక గూటిలో కుదురుగా కూర్చుంటుంది కాబట్టి ఐదు నిమిషాలు పట్టినా బొమ్మ చెదరలేదు. ఆ ఐదు నిమిషాల్లో మామూలు మనిషి గుండె 350 సార్లు కొట్టుకుంటుంది. అదే యంత్రంతో ఛాతీని చూడబోతే, గుండె ఉండాల్సిన చోట మసక ముద్ద తప్ప మరేమీ కనిపించదు.

అదే 1971లో ఇంకో పని జరిగింది, అది మన దేశం వాళ్ల చేతుల మీదుగా. సర్ సి.వి.రామన్ శిష్యుడు జి.ఎన్.రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్‌తో కలిసి, ఎక్స్‌రే కొలతల నుంచి బొమ్మను కట్టే సులువైన గణిత పద్ధతిని అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి దాన్ని 'రామ్-లాక్' ఫిల్టర్ అంటారు. సీటీ గణితం నేర్చుకునే ఏ విద్యార్థీ ఆ పేరు దాటకుండా ముందుకు పోలేడు. అంటే బొమ్మ కట్టే లెక్క సిద్ధంగా ఉంది. గుండెతో పోటీపడే వేగమే లేదు.

గుండె ఇచ్చే విరామం

గుండె నిరంతరం పనిచేస్తుందని అంటాం గానీ ప్రతి దెబ్బలోనూ అది కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. ఊయల ఒక కొసకు వెళ్లి వెనక్కి తిరిగేముందు లిప్తకాలం ఆగినట్టే, గుండె కూడా ముడుచుకుని, వదులై, రక్తం నింపుకుని, మళ్లీ ముడుచుకునే ముందు దాదాపు నిశ్చలంగా ఉంటుంది. ఫొటో తీయాలంటే అదే అదను.

నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో దెబ్బకూ వెయ్యి మిల్లీసెకన్లు దొరుకుతాయి. వంద సార్లు కొట్టుకుంటే 600 మాత్రమే. చిక్కేమిటంటే, వేగం పెరిగినప్పుడు ముడుచుకునే సమయం పెద్దగా తగ్గదు. కోత పడేదంతా విశ్రాంతి సమయానికే. నెమ్మదైన గుండెలో హాయిగా దొరికే ఆ విరామం, నాడి 80 దాటేసరికి దాదాపు కరిగిపోతుంది. అప్పుడు మిగిలేది ముడుచుకోవడం పూర్తయ్యాక, వదులయ్యేలోపు వచ్చే చిన్న ఆగుడు ఒక్కటే.

మనం చూడాల్సిన రక్తనాళాలు ఎలాంటివో కూడా గుర్తుంచుకోవాలి. గుండె కండరానికి రక్తం అందించే కొరోనరీ ధమనుల వ్యాసం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. కుడివైపు ధమనైతే మరీ చంచలం. సగటున సెకనుకు 7 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. దాన్ని 250 మిల్లీసెకన్ల పాటు చూస్తూ బొమ్మ తీస్తే ఆ వేగంలో ఒకటిన్నర సెంటీమీటరు దాటి జరిగిపోతుంది. మూడు మిల్లీమీటర్ల గొట్టం ఐదింతలు జరిగితే దానిలోని పూడిక ఏం కనిపిస్తుంది? ఈ ఒక్క ప్రశ్నే మూడు దశాబ్దాలు ఇంజినీర్లను నిద్రపోనివ్వలేదు.

స్టాక్‌హోంలో ఓ ఆశ

1979 డిసెంబరు 8. స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసం ఇస్తున్నారు హౌన్స్‌ఫీల్డ్. బహుమతిని ఆయనతో పంచుకున్నది అలన్ కార్మాక్. కేప్‌టౌన్‌లోని గ్రూటె షూర్ ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. క్రిస్టియాన్ బెర్నార్డ్ 1967లో ప్రపంచంలో మొదటి గుండె మార్పిడి చేసింది ఆ ఆస్పత్రిలోనే.

ఆ ఉపన్యాసంలో హౌన్స్‌ఫీల్డ్ గుండె ప్రస్తావన తెచ్చారు. బొమ్మ తీయడానికి పట్టే సమయం ఒక గుండె దెబ్బ కంటే ఎక్కువని ఒప్పుకుంటూనే, తామొక ప్రయోగం చేశామని చెప్పారు. రోగి ఈసీజీని యంత్రానికి కలిపి, గుండె వదులుగా ఉన్న సమయంలోనే డిటెక్టర్లు దానిమీదుగా సాగేలా చేశారు. గుండె గదులు అస్పష్టంగానైనా కనిపించాయి. ప్రత్యేక పరిస్థితుల్లో కొరోనరీ ధమనులు కూడా ఒకనాటికి కనిపించవచ్చని ఆయన ఆశపడ్డారు.

ఆ రోజుల్లో ఇది చాలా దూరపు ఆశ. దానికి పునాది మాత్రం అప్పుడే పడింది. గుండెను ఆపలేకపోయినా, గుండె చెప్పే సమయాన్ని వినవచ్చు. ఈసీజీ గీతలో నిటారుగా లేచే 'ఆర్' శిఖరం యంత్రానికి గంట కొట్టినట్టు. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుని తగిన సమయంలో బొమ్మ తీయాలి. ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి గుండె సీటీ స్కాన్‌కూ ఆధారం ఈ ఆలోచనే.

ఒకచోట 14 ట్యూబులు, ఇంకోచోట తిరగని యంత్రం

అమెరికాలో మేయో క్లినిక్. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ పైలట్లు విమానం ఒక్కసారిగా మలుపు తిప్పినప్పుడు స్పృహ తప్పేవారు. దానికి విరుగుడు కనిపెట్టడానికి మానవ సెంట్రిఫ్యూజ్‌లో తానే కూర్చుని గిరగిరా తిరిగిన శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్ల్ వుడ్ అక్కడే పనిచేసేవారు. వుడ్, ఎరిక్ రిట్‌మన్, రిచర్డ్ రాబ్ కలిసి, కొట్టుకుంటున్న గుండెను నిలువెల్లా ఒకేసారి చూడాలని సంకల్పించారు.

ఒక ట్యూబు గుండె చుట్టూ తిరిగేలోపు గుండె కదిలిపోతోందంటే, ట్యూబులే ఎక్కువ పెడితే పోలా? అలా 1980 ప్రాంతంలో టన్నుల బరువున్న ఓ భారీ యంత్రం లేచింది. 28 ట్యూబులు పెట్టాలని అనుకుని, చివరికి 14 అమర్చారు. సెకనుకు 60 సార్లు గుండెను మూడు కొలతల్లో చూపించగలిగే ఆ యంత్రానికి డైనమిక్ స్పేషియల్ రీకన్‌స్ట్రక్టర్ అని పేరు. శాస్త్రానికి అదెంతో నేర్పింది. కానీ ఆ ఖర్చుకు, ఆ ఆకారానికి ఇంకో ఆస్పత్రి ముందుకు రాలేదు. ప్రపంచంలో అలాంటిది అదొక్కటే.

అదే సమయంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో భౌతిక శాస్త్రవేత్త డగ్లస్ బాయిడ్ పూర్తిగా వేరే దారి పట్టారు. అసలు ఏదీ తిరగకుండా చేస్తే? పెద్ద గరాటు లాంటి గొట్టం వెనుక ఎలక్ట్రాన్ గన్ పెట్టి, ఎలక్ట్రాన్ల ధారను అయస్కాంతాలతో వంచి, రోగి కింద అర్ధచంద్రాకారంలో ఉన్న టంగ్‌స్టన్ పట్టీల మీదుగా పరుగెత్తించారు. ధార తాకిన చోటల్లా ఎక్స్‌రేలు పుడతాయి. ఇనుప చక్రానికున్న బరువు ఎలక్ట్రాన్లకు లేదు. ఒక్కో బొమ్మకు 50 నుంచి 100 మిల్లీసెకన్లు చాలు.

1980ల్లో వచ్చిన ఈ ఎలక్ట్రాన్ బీమ్ సీటీతో వేగంగా కొట్టుకునే గుండె కూడా మొదటిసారి కుదురుగా కనిపించింది. 1990లో మయామీ డాక్టర్ ఆర్థర్ అగట్‌స్టన్, వారెన్ జానోవిట్జ్ కొరోనరీ ధమనుల్లో పేరుకున్న సున్నాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టింది ఈ యంత్రం మీదే. ఇవాళ హైదరాబాద్, విశాఖ డయాగ్నస్టిక్ సెంటర్ల రిపోర్టుల్లో కనిపించే 'కాల్షియం స్కోర్' అదే. కానీ ఆ యంత్రం తీసే పొరలు మందం. సన్నని రక్తనాళంలోని పూడిక వివరంగా తెలియదు. ధర కూడా ఎక్కువ. వేగం సాధించింది, సూక్ష్మత సాధించలేకపోయింది.

'నాడి తగ్గించుకుని రండి'

తర్వాతి అడుగు మళ్లీ తిరిగే యంత్రానిదే. 1989లో జర్మన్ శాస్త్రవేత్త విల్లీ కాలెండర్ స్పైరల్ సీటీని లోకానికి పరిచయం చేశారు. ట్యూబు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, బల్ల ఆగకుండా ముందుకు సాగుతూనే ఉంటుంది. 1998లో ఒక్క చుట్టులో నాలుగు పొరలు తీసే యంత్రాలు వచ్చాయి. చుట్టుకు అర సెకను. అప్పుడు గుండె మొత్తాన్ని తీయాలంటే రోగి 40 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఆయాసంతో వచ్చినవాళ్లకు అదెలా సాధ్యం?

2004లో 64 పొరల యంత్రాలు వచ్చేసరికి చుట్టు 0.33 సెకనుకు, ఊపిరి ఆపాల్సిన సమయం పది సెకన్లకు దిగాయి. బొమ్మ కట్టడానికి సగం చుట్టు కొలతలు చాలు కాబట్టి, ఒక్కో బొమ్మకు 165 మిల్లీసెకన్లు. హౌన్స్‌ఫీల్డ్ ఆశ నిజమైంది. తొడలోనో చేతిలోనో గొట్టం దూర్చకుండానే గుండె రక్తనాళాలు తెరమీద కనిపించాయి.

అయితే ఆ 165 మిల్లీసెకన్లు నెమ్మదైన గుండెకే సరిపోతాయి. నాడి 65 లోపుంటే బొమ్మ అద్దంలా వస్తుంది. 70 దాటితే కుడి ధమని చెదురుతుంది. ఆపైన ఒకే నాళం రెండుగా కనిపించడం, మధ్యలో తెగినట్టు మెట్టుపడటం మొదలవుతాయి. ఆ మెట్టును చూసి లేని పూడిక ఉందని పొరబడవచ్చు. అందుకే ఆస్పత్రులు నియమం పెట్టాయి. ముందు నాడిని నెమ్మదింపజేసే మెటోప్రొలాల్ మాత్ర, నాడి తగ్గితేనే స్కాన్. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ మందు ఇవ్వడానికి డాక్టర్లు జంకుతారు. రక్తపోటు మరీ తక్కువగా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. కొందరికి ఎంత ఇచ్చినా నాడి దిగదు.

ఇక లయ తప్పిన గుండెల సంగతి. కర్ణికలు నిమిషానికి 300 సార్లకు మించి అదిరిపోతూ, జఠరికలకు క్రమం లేని ఆదేశాలు పంపే జబ్బును ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఆ గుండెలో ఏ రెండు దెబ్బలూ ఒక్కలా ఉండవు. రెండు మూడు దెబ్బల నుంచి కొంచెం కొంచెం కొలతలు తీసుకుని ఒక బొమ్మగా కలిపే ఉపాయం అప్పటికే ఉంది. దెబ్బలన్నీ ఒకే తీరుగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఆ తీరే లేదు. అందుకే ఎన్నో పరిశోధనల్లో ఈ రోగులను మొదట్లోనే పక్కన పెట్టేశారు.

ఇక్కడే మనసు కలుక్కుమంటుంది. గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటుంది? గుండె బలహీనపడినప్పుడు, కవాటం పాడైనప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు, ఒళ్లు జ్వరంతో కాలినప్పుడు. గుండె మార్పిడి జరిగినవాళ్లకైతే కొత్త గుండెకు నరాల అనుసంధానం ఉండదు కాబట్టి విశ్రాంతిలోనూ నాడి 90, 100 ఉంటుంది. పుట్టుకతో గుండెలో లోపమున్న పసిపాపకు నాడి 120 దాటడం మామూలే. అంటే ఎవరి గుండెను అన్నిటికంటే ముందు చూడాలో, వాళ్లనే యంత్రం తిప్పి పంపేసింది.

ఎర్లాంగెన్ జవాబు

జర్మనీలో ఎర్లాంగెన్, దాని పక్కనే ఫోర్క్‌హైమ్. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనిపెట్టిన వుర్జ్‌బర్గ్‌కు వంద కిలోమీటర్ల లోపే. సీమెన్స్ కంపెనీ సీటీ యంత్రాలు రూపొందేది ఇక్కడ. థామస్ ఫ్లోర్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన బృందం ముందున్న లెక్క ఇది. గుండె వేగాన్ని మందుతో తగ్గించకుండా బొమ్మ తీయాలంటే వంద మిల్లీసెకన్ల లోపు పని ముగించాలి. అంటే చుట్టు 0.2 సెకనులోపు పూర్తికావాలి.

కాగితం మీద తేలికే. కానీ 0.33 సెకనుకు ఒక చుట్టు తిరుగుతున్నప్పుడే యంత్రంలోని ట్యూబు మీద పడే బలం భూమ్యాకర్షణకు 28 రెట్లు. 0.2 సెకను లోపైతే 75 రెట్లు దాటుతుంది. అంత బరువైన ట్యూబును అంత వేగంగా తిప్పి, మిల్లీమీటరులో చిన్న వంతు కూడా చలించకుండా నిలబెట్టే ఉక్కు చట్రం వాళ్ల చేతిలో లేదు. వేగం పెంచే దారి మూసుకుపోయింది.

అప్పుడు వాళ్లు వేగం జోలికి పోకుండా రెండో ట్యూబు పెట్టారు. ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో రెండు ట్యూబులు, రెండు డిటెక్టర్లు. సగం చుట్టు కొలతలు కావాలి కదా, రెండూ చెరో పావు చుట్టు తిరిగితే చాలు. 0.33 సెకనులో పావు వంతు, 83 మిల్లీసెకన్లు. పావు చుట్టులోనే పని పూర్తవుతుంది కాబట్టి రెండు మూడు దెబ్బలు కలిపి అతకాల్సిన అవసరం లేదు. ఒక్క దెబ్బ, ఒక్క బొమ్మ. పక్క దెబ్బ ఎలా ఉన్నా దీనికి పట్టదు.

ఇబ్బందులు రాకపోలేదు. ఇరుకైన చట్రంలో రెండో డిటెక్టరుకు చోటు చాలక దాన్ని చిన్నది చేయాల్సి వచ్చింది. మొదటిది 50 సెంటీమీటర్ల వెడల్పు చూస్తే, రెండోది 26 సెంటీమీటర్లే చూస్తుంది. గుండెకు అది సరిపోతుంది. ఒక ట్యూబు కిరణాలు శరీరంలో చెదిరి రెండో డిటెక్టరు మీద పడి బొమ్మను పాడుచేస్తున్నాయి. దాన్ని లెక్కగట్టి తీసివేసే గణితం రాశారు. 2005 నవంబరులో షికాగోలో జరిగే రేడియాలజిస్టుల మహాసభలో ఆ యంత్రాన్ని ప్రపంచానికి చూపించారు.

ఎర్లాంగెన్ యూనివర్సిటీ ఆస్పత్రిలో కార్డియాలజిస్ట్ స్టెఫాన్ ఆఖెన్‌బాఖ్ బృందం మొదటి 14 మంది రోగుల బొమ్మల ఫలితాలను 2006లో ప్రచురించింది. కుడి ధమని సెకనుకు ఏడు సెంటీమీటర్లు కదులుతుందని ఎలక్ట్రాన్ బీమ్ సీటీతో కొలిచి చెప్పింది ఈ ఆఖెన్‌బాఖే. ఆ ధమనే ఇప్పుడు కుదురుగా కనిపించింది. అదే ఏడాది జ్యూరిచ్ డాక్టర్లు 30 మందికి నాడి తగ్గించే మందు ఇవ్వకుండా స్కాన్ చేశారు. తర్వాతి ఏడాదికల్లా టర్కీ డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లను ఇదే యంత్రంలో పడుకోబెట్టారు. ఇన్నేళ్లూ 'మీకు కుదరదు' అనిపించుకున్నవాళ్లు మొదటిసారి లోపలికి వచ్చారు.

తక్కినవాళ్లూ ఊరుకోలేదు. 2007లో జపాన్ కంపెనీ తోషిబా 320 వరసల డిటెక్టరుతో, బల్ల జరపకుండానే 16 సెంటీమీటర్లను, అంటే గుండె మొత్తాన్ని ఒక్క చుట్టులో తీసే యంత్రం తెచ్చింది. బొమ్మకు బొమ్మకు మధ్య మెట్టుపడే సమస్య దాంతో పోయింది. రెండు ట్యూబుల యంత్రం 2008లో 75 మిల్లీసెకన్లకు, 2013లో 66 మిల్లీసెకన్లకు చేరింది. 2021లో ఎక్స్‌రే కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే డిటెక్టరు కూడా దానికి జతపడింది.

సీటీ గదిలో ఒక ఉదయం

ఇది ఒక్కరి కథ కాదు. మన నగరాల్లో ఏ పెద్ద ఆస్పత్రిలోనైనా జరిగేదాన్ని ఒక్కచోట చేర్చి చెబుతున్నది.

అరవై దాటిన పెద్దావిడ. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతపు జ్వరం గుండె కవాటాన్ని తినేసింది. కొన్నేళ్లుగా లయ తప్పింది, రక్తం పలచబడే మాత్ర వాడుతోంది. కవాటం ఆపరేషన్‌కు ముందు రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూడాలన్నారు. చేతికి ఆకుపచ్చ కాన్యులా, పద్దెనిమిదో నంబరు సూది. రక్తనాళాలు బొమ్మలో కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు సెకనుకు ఐదు మిల్లీలీటర్ల ధారగా వెళ్లాలి కాబట్టి సన్నసూది పనికిరాదు. టెక్నీషియన్ ఛాతీమీద ఈసీజీ బిళ్లలు అంటిస్తున్నాడు.

"అమ్మా, పొద్దున్నించీ టీ, కాఫీ ఏమైనా తాగారా?"

"లేదు బాబూ. నిన్న మధ్యాహ్నం తాగిందే."

"సరే. 'ఊపిరి ఆపండి' అన్నప్పుడు ఆపాలి. మరీ గుండెల నిండా వద్దు, మామూలుగా పీల్చి ఆపండి. మందు వెళ్లేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుంది. చీర తడిసిందేమో అనిపిస్తుంది. ఏమీ కాదు, కంగారుపడకండి."

"నా గుండె నా మాటే వినదు బాబూ. మీ మిషను మాట వింటుందా?"

"అది వినక్కర్లేదమ్మా. మిషనే దాని మాట వింటుంది. మీరు ఊపిరొక్కటి ఆపితే చాలు."

అద్దం వెనక తెరమీద ఆమె నాడి 78, 112, 91, 134 అని దుముకుతోంది. ఒకచోట యంత్రం ఈసీజీలో 'ఆర్' శిఖరంతో పాటు దాని వెనక వచ్చే 'టీ' గుట్టను కూడా దెబ్బగా లెక్కపెట్టేసింది. టెక్నీషియన్ లోపలికి వెళ్లి ఒక బిళ్ల తీసి రెండు వేళ్ల వెడల్పు కిందకు జరిపి అంటించాడు. గుట్ట చిన్నబోయింది, లెక్క సరిపోయింది. కోట్లు ఖరీదు చేసే యంత్రం ఒక్కోసారి ఇలా వేళ్ల వెడల్పు మీద ఆధారపడుతుంది.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. లయ సరిగా ఉన్నవాళ్లకు 'దెబ్బలో 40 శాతం గడిచాక బొమ్మ తియ్యి' అని యంత్రానికి చెబితే చాలు. ఈవిడకు అలా చెబితే కొంప మునుగుతుంది. నాడి 78 ఉన్న దెబ్బ నిడివి 769 మిల్లీసెకన్లు, అందులో 40 శాతమంటే 308. నాడి 134 ఉన్న దెబ్బ నిడివి 448, అందులో 40 శాతమంటే 179. మొదటిది ముడుచుకోవడం ముగిసిన క్షణం. రెండోది ముడుచుకుంటున్న నడిమధ్య. అందుకే శాతాన్ని పక్కనపెట్టి, 'ఆర్' శిఖరం తర్వాత ఇన్ని మిల్లీసెకన్లకు అని నేరుగా చెబుతారు. దెబ్బ పొట్టిదైనా పొడుగైనా గుండె ముడుచుకోవడానికి పట్టే సమయం పెద్దగా మారదు. గుండె ఎంత తప్పటడుగులు వేసినా నిలకడగా ఉండే చోటు అదొక్కటే. బొమ్మలు దాన్ని పట్టుకుంటాయి. మరీ ముందుగా వచ్చిన దెబ్బలుంటే, స్కాన్ అయ్యాక ఈసీజీ గీత మీదే వాటిని గుర్తుపట్టి తీసేసి, మిగతా కొలతలతో బొమ్మను మళ్లీ కడతారు.

దీనికో మూల్యం ఉంది. లయ తప్పిన గుండెకు ఎప్పుడు బొమ్మ తీయాలో ముందుగా కచ్చితంగా తెలియదు కాబట్టి ఎక్స్‌రేలను కాస్త ఎక్కువసేపు వదలాల్సి వస్తుంది. రేడియేషన్ కొంత పెరుగుతుంది. అయితే మొత్తంగా గుండె సీటీ రేడియేషన్ బాగా దిగొచ్చింది. 2007, 2017ల్లో ఎన్నో దేశాల ఆస్పత్రుల్లో జరిపిన సర్వేలను పోల్చి చూస్తే పదేళ్లలో అది 78 శాతం తగ్గింది.

అడగాల్సిన మాట

ఇదంతా మనకెందుకు? 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు మిగతా దేశాల్లో 59 ఉంటే దక్షిణాసియాలో 53. సంపాదన మీద ఇల్లు ఆధారపడి ఉన్న వయసు అది. స్కాట్లాండ్‌లో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మంది మీద జరిపిన స్కాట్-హార్ట్ పరిశోధనలో, మామూలు పరీక్షలకు సీటీ యాంజియోగ్రామ్, అంటే సీటీతో తీసే గుండె రక్తనాళాల బొమ్మ, జోడించినవాళ్లలో ఐదేళ్లలో గుండెజబ్బుతో చనిపోవడం, గుండెపోటు రావడం కలిపి 2.3 శాతం. జోడించనివాళ్లలో 3.9 శాతం. ఆ తేడా పూడికను ముందే చూసి మందులు మొదలుపెట్టడం వల్ల వచ్చి ఉండొచ్చు. నాడి వేగంగా ఉందన్న ఒక్క కారణంతో ఈ మేలు ఎవరికీ అందకుండా పోకూడదు.

మన రాష్ట్రాల్లో ఇలాంటి యంత్రాలు ఉన్నాయి, అయితే అన్ని చోట్లా అన్నీ లేవు. ఒక ట్యూబు 64 పొరల యంత్రం కూడా నెమ్మదైన, లయ తప్పని గుండెకు చక్కని బొమ్మ ఇస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లను, గుండె మార్పిడి జరిగినవాళ్లను, పుట్టుకతో గుండె లోపమున్న పసిపిల్లలను మాత్రం దాని ముందు పడుకోబెట్టే ముందు ఆలోచించాలి. బొమ్మ చెదిరితే కాంట్రాస్ట్ మందు, రేడియేషన్, డబ్బు అన్నీ వృథా. అంతకంటే పెద్ద నష్టం, 'స్పష్టంగా లేదు' అన్న రిపోర్టుతో రోగి ఇంటికి వెళ్లి, మళ్లీ ఆస్పత్రి ముఖం చూడకపోవడం.

కాబట్టి పరీక్ష రాయించుకున్నవాళ్లు ముందే అడగాలి. "డాక్టర్‌గారూ, నాకు నాడి ఎక్కువ, లయ సరిగా లేదు. ఇక్కడి యంత్రం దానికి సరిపోతుందా?" ఆస్తమా ఉంటే చెప్పాలి. కిడ్నీ సమస్య, షుగర్ మాత్రలు చెప్పాలి. నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ ఇస్తారు కాబట్టి వయాగ్రా లాంటి మాత్రలు వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి, రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తం పలచబడే మాత్రను సొంతంగా ఆపకూడదు. రక్తనాళాల్లో సున్నం బాగా పేరుకున్నవాళ్లకు, సన్నని స్టెంట్లు ఉన్నవాళ్లకు గొట్టం దూర్చి తీసే మామూలు యాంజియోగ్రామే మేలని డాక్టరు చెబితే అందులో తప్పులేదు. ఆ నిర్ణయం రోగి పరిస్థితిని బట్టి జరగాలి. ఆ గదిలో ఏ యంత్రం ఉందో దాన్ని బట్టి జరగకూడదు.

వింబుల్డన్‌లో ఐదు నిమిషాలు పట్టిన పని ఇవాళ సెకనులో పదిహేనో వంతులో అయిపోతోంది. ఆ ప్రయాణంలో ఎక్కువకాలం యంత్రానికి తగ్గట్టు గుండెను మార్చబోయారు. గుండెకు తగ్గట్టు యంత్రాన్ని మార్చినప్పుడే, అందరికంటే ఎక్కువ జబ్బుపడ్డవాళ్లకు తలుపు తెరుచుకుంది. ఆ తలుపు వెనక ఉన్నది ఎవరి దయా కాదు, యాభై ఏళ్ల కష్టం. గుండెదడతో, తప్పిన లయతో వచ్చే ప్రతి మనిషికీ అది హక్కుగా అందాలి. అడిగి తీసుకోవడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.